గ్యాలరీలో నవ్వు

కాలువ గట్టు ఇల్లు,
జూన్, సోమవారం

వాగుడుకాయకి,

నీ ఉత్తరం శనివారం అందింది. మీ యువజన బృందాన్ని శాసనసభ చూడటానికి తీసుకెళ్తున్నారని, అక్కడ బుద్ధిగా ఉంటే సెప్టెంబరులో అదే హాల్లో జరిగే యువసభలో నీకు మాట్లాడే సీటు ఇస్తారని రాశావు. సంతోషం. ఇంత పెద్ద వార్త నాలుగు వాక్యాల్లో ముగించి, మిగిలిన రెండు పేజీలూ ఏ చెప్పులు వేసుకోవాలా అని రాశావు. పాతవి వేసుకో. కాలు నొప్పి పుట్టినవాళ్ళకి కళ్ళు సరిగ్గా పనిచేయవు.

ప్రభుత్వ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ శాసనసభలో పుట్టిన కాగితాలన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. అవి పుట్టే గది మాత్రం నేను చూడలేదు. కాబట్టి నా బదులు నువ్వు చూడు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు ఎటు చూస్తారు? మాట్లాడాలనుకున్నవాళ్ళు చెయ్యి ఎత్తుతారా, లేచి నిలబడతారా? వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు? ఆ బెంచీ సంగతి తెలిస్తే క్లాసు సంగతి తెలిసినట్టే. చూసింది చూసినట్టు రాయి. 'చాలా బాగుంది' అని రాస్తే ఉత్తరం వెనక్కి పంపిస్తాను.

ఇక్కడ అంతా మామూలే. నడక వంతెనకి అవతలి వైపు మెట్లు ఇంకా కట్టలేదు. వంతెన పక్కన కొట్టు పెట్టుకున్న టైలరు నిలబెట్టిన నిచ్చెనే దిక్కు. గిడ్డంగిలో పనిచేసే ఆడవాళ్ళకి చదువు చెప్పడానికి సాయంత్రం నేను ఆ నిచ్చెన దిగుతూనే ఉన్నాను. ఎలా వెళ్తున్నావని మీ నాన్న అడిగితే, చుట్టుదారిలో ఆటోలో వెళ్ళానని చెప్పాను. ఒకరోజు వెళ్ళాను కూడా. వేసవిలో నువ్వు చూసిన సంగతి నీకూ నాకూ టైలరుకీ మధ్యే ఉండనీ.

నానమ్మ


శాసనసభ వెనక వీధి, యువజన విడిది, పై అంతస్తు,
జూన్, శుక్రవారం

హెడ్మిస్ట్రెస్ నానమ్మకి,

చూశాను! ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. లేకపోతే 'ప్రశ్న చదివి రాయలేదు' అంటావు.

లోపలికి వెళ్ళేముందు మా వస్తువులన్నీ ఒక ట్రేలో పెట్టించుకున్నారు. ఫోన్లు సరే, పెన్నులు కూడా! "పెన్నులెందుకండీ?" అని మా విజిల్ మేడమ్‌ని అడిగాను. మా బృందానికి ఆవిడే నాయకురాలు. మెళ్ళో విజిల్ తీయదు, నిద్రలో కూడా తీయదని మా అనుమానం. "ఎవరో ఎప్పుడో విసిరి ఉంటారు" అంది. గ్యాలరీలో కాలు మీద కాలు వేసుకోకూడదు. రెయిలింగ్ మీద వాలకూడదు. చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు, నవ్వకూడదు. "తుమ్మొస్తే మేడమ్?" అని మా బృందంలో మేం కళ్ళజోడు అని పిలిచేవాడు అడిగాడు. "రానివ్వకు" అంది.

ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు సగం మంది కాగితాలు తిరగేస్తుంటారు. వాళ్ళ ఊరి పేరు వస్తే మాత్రం టక్కున తల ఎత్తుతారు, అచ్చం మా క్లాసే. మాట్లాడాలంటే చెయ్యి ఎత్తి లేస్తారు, కానీ అధ్యక్షురాలు చూడనట్టు ఉంటే మళ్ళీ కూర్చోవాలి. చూడనట్టు ఉండటం ఎంత కష్టమో! వెనక బెంచీలో ఒక పెద్దాయన కళ్ళు తెరిచే నిద్రపోయాడు. ఎలా తెలిసిందంటే, గంట మోగగానే ఆయనొక్కడే అదిరిపడ్డాడు. లోపల జనం తగ్గితే సభ్యుల్ని పిలవడానికి ఆ గంట మోగిస్తారట. క్యాంటీన్లోనూ మోగుతుందట, బాత్రూముల్లోనూ మోగుతుందట. పాపం కదా.

నాకు అందరికంటే నచ్చింది మధ్య బల్ల దగ్గర కూర్చుని ప్రతి మాటా రాసేవాళ్ళు. కాసేపటికి ఒకావిడ చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది, అంతవరకూ రాసినాయన లేచి వెళ్ళిపోతాడు. అప్పుడు మంత్రి వాక్యం మధ్యలో ఉంటాడు. వాక్యం తెగదు, చెయ్యి మాత్రం మారుతుంది. ఎవరైనా అరిస్తే ఆ అరుపు ఎలా రాస్తారు? "అది రికార్డుల్లోకి వెళ్ళదు" అని అధ్యక్షురాలు అంటే, రాసింది కొట్టేస్తారా, ముందే ఆగిపోతారా?

ప్రశ్నల సమయం ఇంకా తమాషా. ప్రశ్న అందరి దగ్గరా అచ్చేసి ఉంటుంది కాబట్టి చదవరు. సభ్యులు లేచి నంబరు చెప్తారు, మంత్రి లేచి జవాబు చదువుతాడు. మాకు జవాబులే వినిపిస్తాయి. "అవునండి." "లేదండి." "పరిశీలనలో ఉందండి." అసలు ప్రశ్న ఏమై ఉంటుందో మాలో మేమే ఊహించుకుంటూ కూర్చున్నాం.

తర్వాత బయటికి వచ్చాం. ఇక్కడ చెట్లు చాలా పచ్చగా ఉన్నాయి. చెప్పులు కరవలేదు.

నీ మనవరాలు


కాలువ గట్టు ఇల్లు,
జూన్, బుధవారం

వాగుడుకాయకి,

ఉత్తరం బాగా రాశావు. వాక్యం తెగకుండా చెయ్యి మారడం గురించి రాసిన ముక్క గిడ్డంగి ఆడవాళ్ళకి చదివి వినిపించాను. ఒకామె, "మా పనిలోనూ అంతే టీచరమ్మా, షిఫ్టు మారినా సరుకు మోసే బెల్టు ఆగదు" అంది.

ఇప్పుడు తప్పులు. ప్రశ్నల తర్వాత జరిగే చర్చ చూడటానికే మిమ్మల్ని తీసుకెళ్తున్నారని నువ్వే ఇదివరకు రాశావు. ఆ చర్చ ఏది? 'తర్వాత బయటికి వచ్చాం' అన్న వాక్యంలో 'ఎందుకు' లేదు. పైగా చెట్ల గురించి రాశావు. నువ్వు పుట్టాక నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ చెట్టు లేదు. పిల్లలు హఠాత్తుగా ప్రకృతిని వర్ణించారంటే ఏదో కిటికీ అద్దం పగిలిందని నా సర్వీసంతా చూశాను.

ఏం పగిలింది?

నానమ్మ


ఇంటి మేడ గది,
జూలై, ఆదివారం

నానమ్మా,

నన్ను గ్యాలరీలోంచి బయటికి పంపేశారు. నవ్వాను.

ఇంట్లో ఇంకా తెలియదు. నీకూ చెప్పకూడదనే అనుకున్నాను, కానీ చెట్లు నన్ను పట్టించాయి.

ఒక సభ్యురాలు లేచి నంబరు చెప్పింది. మంత్రి మీ ఊరి పేరు చెప్పి జవాబు చదివాడు: "కాలువ మీద నడక వంతెన నిర్మాణం పూర్తయింది. ఇరువైపుల ప్రజలూ దాన్ని రోజూ ఉపయోగించుకుంటున్నారు." మన కాలువే! మన వంతెనే! సభ్యురాలు మళ్ళీ లేచి, "వయసు మళ్ళినవాళ్ళు కూడానా?" అని అడిగింది. మంత్రి కాగితం చూడకుండానే, "అన్ని వయసుల వాళ్ళూనండి" అన్నాడు.

అంతే, నువ్వు కనిపించావు. చెప్పులు సంచిలో వేసుకుని, గొడుగు మెడ వెనక తగిలించుకుని, నిచ్చెన మధ్యలో నిలబడి, "నన్ను చూడకు, నిచ్చెన చూడు" అని టైలరుని కసురుతున్నావు. ఆపుకుందామని నాలుక కొరుక్కున్నాను. ముక్కులోంచి వచ్చింది. గుర్రం సకిలించినట్టు వచ్చింది నానమ్మా. సభంతా తల ఎత్తి చూసింది. వెనక బెంచీ పెద్దాయన కూడా లేచాడు.

మార్షల్ వచ్చింది, తెల్ల యూనిఫాంలో. "లే అమ్మా" అంది. "ఆపుకుంటానండీ" అన్నాను. "బయట ఆపుకుందువు గాని, పద" అంది.

ఇప్పుడు వాళ్ళ నియమం ఏమిటంటే, ఎందుకు నవ్వానో కారణం రాసి, కింద నాన్న సంతకం పెట్టించి కార్యదర్శి ఆఫీసుకి పంపాలి. పంపకపోతే యువసభలో సీటు లేదు, ఆ గేటు లోపలికే రానివ్వరు. నిజం రాస్తే నాన్న చదువుతాడు. నువ్వు నిచ్చెన ఎక్కుతున్నావని తెలిసిపోతుంది. విజిల్ మేడమ్ అయితే, "ముక్కులో ఈగ దూరిందని రాయవే, ఎవరు చూడొచ్చారు!" అంటోంది. అలా రాసెయ్యనా? లేకపోతే సీటు వదిలేస్తాను. పర్లేదు.

పర్లేదు అని రాశాను కానీ, ప్రసంగం సగం కంఠస్థం అయిపోయింది.

నీ మనవరాలు


కాలువ గట్టు ఇల్లు,
జూలై, గురువారం

వాగుడుకాయకి,

నవ్వడం తప్పు. మార్షల్ తన పని సరిగ్గా చేసింది. ఈగ గురించి రాశావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

మంత్రిగారి జవాబుని జవాబు పత్రంలా దిద్దాను. 'ఉపయోగించుకుంటున్నారు' - ఒప్పు. 'అన్ని వయసుల వాళ్ళూ' - ఒప్పు, అందుకు నేనే సాక్ష్యం. 'పూర్తయింది' అన్న మాట దగ్గర ఆయన వైపు నుంచి ఆలోచించాను. ఇటువైపు నుంచి చూస్తే పూర్తయినట్టే ఉంటుంది. దాదాపు ప్రతి ముక్కా నిజమే, కానీ విన్నవాడికి మిగిలేది అబద్ధం. ఇంత తెలివిగా జవాబు రాయడం ఎక్కడ నేర్చుకున్నారబ్బా అనుకుంటూ కలం మూశాను.

మూశాక గుర్తొచ్చింది. 'ఆటోలో వెళ్ళాను.' మీ నాన్నకి నేను చెప్పిన జవాబూ ఈ బాపతే. మంత్రిగారి కలం నా దగ్గరా ఉంది.

నీకు సీటు కావాలంటే నా నిచ్చెన బయటపడాలి. నా నిచ్చెన దాగాలంటే నీ సీటు పోవాలి. నువ్వు రెండోది ఎంచుకుని చెట్ల గురించి రాశావు. నా నిచ్చెన గురించి తేల్చుకోవాల్సింది నేను. నీకెవరిచ్చారు ఆ పెత్తనం?

కాబట్టి జరిగింది జరిగినట్టు రాయి. నవ్వినందుకు క్షమించమని అడుగు. నవ్వొచ్చిన కారణానికి క్షమాపణ అక్కర్లేదు, అది వివరంగా రాయి. గొడుగు కూడా రాయి. మీ నాన్నకి ఈ టపాలోనే వేరే ఉత్తరం వేస్తున్నాను. అది అందేదాకా ఆగి, ఆయన టీ తాగాక నీ కాగితం ముందు పెట్టు. తాగకముందు పెట్టకు.

నానమ్మ


ఇంటి మేడ గది,
జూలై, శనివారం

నానమ్మా,

టీ తాగాకే పెట్టాను. ఏం లాభం లేదు.

ఇన్సూరెన్సు ఆఫీసులో రోజంతా కాళ్ళు విరిగినవాళ్ళ కాగితాలు చూస్తాడు కదా, నాన్నకి నిచ్చెన అన్న మాట చాలు. "ఆటో అంది! నాతో ఆటో అంది!" అని గదిలో అటూ ఇటూ తిరిగాడు. "ఒకరోజు వెళ్ళిందట నాన్నా" అన్నాను. "ఒకరోజా!" అమ్మ వంటింట్లోంచి, "'మా అమ్మ నోట అబద్ధం రాదు' అని మీరే అంటారుగా" అంది. దాంతో ఇంకా మండిపోయాడు.

కానీ నా కాగితం మొత్తం చదివాడు. గొడుగు దగ్గరికి వచ్చేసరికి మీసం కదిలింది. నేను చూశాను. వెంటనే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత సంతకం పెట్టి, "ఆవిణ్ణి ఇక్కడికి తెచ్చేస్తాను. ఇక ఆ కాలువా వద్దు, ఆ చదువులూ వద్దు" అన్నాడు. వచ్చే ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాడు.

నా వల్లే కదా ఇదంతా? నువ్వు నిజంగా వచ్చేస్తావా? నువ్వు వస్తే నాకు ఇష్టమే, కానీ ఇలా కాదు.

నీ మనవరాలు


కాలువ గట్టు ఇల్లు,
ఆగస్టు, మంగళవారం

వాగుడుకాయకి,

రావడం లేదు. కంగారు పడకు.

మీ నాన్న వచ్చాడు. గుమ్మంలోనే, "సామాను సర్దమ్మా" అన్నాడు. "ముందు చూడు, తర్వాత తిట్టు. చూడకుండా దిద్దితే ఆ మార్కులు చెల్లవు" అన్నాను. వంతెన మీదికి తీసుకెళ్ళాను. నేను ముందు దిగి కింద నిలబడ్డాను. అతను నిచ్చెన మీద సగందాకా వచ్చి ఆగిపోయాడు. పైకీ పోడు, కిందికీ రాడు.

"అమ్మా, కింద చూడనా, పైన చూడనా?"

"మెట్టు చూడు."

"కదులుతోందే!"

"నువ్వు వణికితే అది కదులుతుంది. నువ్వు ఆగు, అదీ ఆగుతుంది."

టైలరు పైనుంచి నిచ్చెన పట్టుకుని, "బాబుగారూ, కాస్త తొందరగా తేల్చుకోండి, వెనక షిఫ్టు వాళ్ళున్నారు" అన్నాడు. పైన పదిమంది ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉన్నారు. అందులో ఒకామె వంగి, "అయ్యా, ఎడం కాలు ముందు. టీచరమ్మ మాకలాగే నేర్పింది" అంది. మీ నాన్న ఎడం కాలు పెట్టి దిగాడు.

ఆ సాయంత్రం గిడ్డంగిలో వెనకాల కూర్చుని పాఠం విన్నాడు. సామాను మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు వడ్రంగిని పిలిపించి నిచ్చెనకి ఇనుప కొక్కేలు వేయించాడు, పక్కన పట్టుకోవడానికి తాడు కట్టించాడు. టైలరు పైన లేకపోతే అడుగు పెట్టనని నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను ఇంకో మాట తీసుకున్నాను: నిచ్చెన పట్టుకోవచ్చు, నన్ను పట్టుకోకూడదు. నన్ను ఎవరైనా పట్టుకుని నడిపిస్తే నాకు అడుగు తప్పుతుంది.

నీ సీటు సంగతి ఏమైంది? మీ నాన్న రాకతో అసలు విషయం మరిచిపోయాననుకోకు.

నానమ్మ


ఇంటి మేడ గది,
ఆగస్టు, ఆదివారం

నానమ్మా,

కార్యదర్శి ఆఫీసుకి పిలిచారు. బల్ల వెనక ఒక బట్టతల పెద్దాయన నా కాగితం మొత్తం పైకి చదివాడు, వార్తలు చదివినట్టు. 'నన్ను చూడకు, నిచ్చెన చూడు' దగ్గర ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివాడు. పక్క గది వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేశారు. "ఇదివరకు కారణాలన్నీ ఈగలేనమ్మా. పదేళ్ళుగా ఈ గ్యాలరీలో ఎన్ని ఈగలు!" అన్నాడు. ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలు నా కాగితానికి నకలు తీసుకుంది. మంత్రిని మళ్ళీ అడుగుతుందట.

లోపలికి రానిస్తారు. కానీ నా కాగితం ఆలస్యంగా వచ్చిందని మాట్లాడే సీట్లన్నీ ఇచ్చేశారు. మిగిలింది ఒక్కటే. యువసభ మార్షల్.

అందరూ మాట్లాడుతుంటే నేను తెల్ల కోటు వేసుకుని గోడ పక్కన నోరు మూసుకుని నిలబడాలట. నన్ను పంపేసిన ఆ మార్షలే నేర్పుతుందట. కళ్ళజోడు అప్పుడే ఏడిపిస్తున్నాడు, "మార్షల్‌గారూ, నవ్వొచ్చా?" అని. నాకు ఇష్టం లేదు నానమ్మా. నా ప్రసంగం చాలా బాగా వచ్చింది. వద్దని చెప్పెయ్యనా?

నీ మనవరాలు


కాలువ గట్టు ఇల్లు,
ఆగస్టు, శుక్రవారం

వాగుడుకాయకి,

నిలబడు. విడిది నుంచి రాసిన ఉత్తరంలో నువ్వే అన్నీ చూసి పొంగిపోయావు. హాలంతా కనపడేది గోడ పక్కన నిలబడ్డవాళ్ళకే. పరీక్ష హాళ్ళలో నా సర్వీసంతా అక్కడే గడిచింది, విసుగన్నది ఎరగను.

మంత్రిగారు సభ్యురాలికి రాతపూర్వకంగా జవాబిచ్చారట, అవతలి మెట్లు 'పరిశీలనలో' ఉన్నాయని. అది సెలవు చీటీలాంటిది, పనికి రానని చెప్పడానికి ఒక మర్యాద. మేము గిడ్డంగి ఆడవాళ్ళందరి చేతా అర్జీ రాయిస్తున్నాం. ఎవరిది వాళ్ళే రాస్తున్నారు, అందుకే ఆలస్యం.

ప్రసంగం దాచుకో. గ్యాలరీ పాసు ఒకటి పంపించు. నేను వస్తున్నాను.

నానమ్మ


ఇంటి మేడ గది,
సెప్టెంబరు, సోమవారం

నానమ్మా,

కోపం వచ్చిందా? ఒక్క మాటైనా చెప్పకుండా రైలెక్కేశావు. స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది.

నేనేం చెయ్యను చెప్పు. పరీక్షల్లో మార్కులు రద్దు చేయాలన్న తీర్మానం మీద కళ్ళజోడు అంత గొప్పగా మాట్లాడుతున్నాడు. సభంతా వింటోంది. అప్పుడు పైనుంచి నీ గొంతు వచ్చింది: "నోట్లోది ఉమ్మేసి మాట్లాడు నాయనా!"

వాడు చూయింగ్ గమ్ చేతిలోకి ఉమ్మేశాడు. సభలో సగం మంది లేచి నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారో వాళ్ళకే తెలియదు. అధ్యక్షురాలిగా కూర్చున్న అమ్మాయి బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. అసలు మార్షల్ నా పక్కనే ఉంది. "నేను వెళ్ళనా?" అని మెల్లగా అడిగింది. "నేనే వెళ్తానండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మెట్లెక్కుతుంటే కాళ్ళు దూదిలా అయిపోయాయి, గుండె గొంతులో కొట్టుకుంది, చేతులు చల్లబడ్డాయి. నీ ముందు నిలబడి "లేవండి" అన్నాను. నానమ్మా అని అనలేదు. అంటే ఏడుపు వచ్చేసేది.

ఒక్క ముక్క రాయి. తప్పు చేశానా?

నీ మనవరాలు


కాలువ గట్టు ఇల్లు,
సెప్టెంబరు, శుక్రవారం

మార్షల్‌గారికి,

రైలు టైముకి బయల్దేరింది, అందుకే ఆగలేదు. కోపం వస్తే నేను చెప్పకుండా వెళ్ళే రకం కాదని నీకు తెలియదా?

మాట అలవాటున వచ్చేసింది. నియమం నేను తప్పాను, నువ్వు తప్పలేదు. నీ పక్కన ఉన్నావిడ వెళ్తానంటే నువ్వు ఒప్పుకుని ఉంటే, అప్పుడు కోపం వచ్చేది. 'లేవండి' అన్నావు. గొంతు వణకలేదు. నేను లేచాను. నన్ను అలా లేచి నిలబడమన్నవాళ్ళు నా చిన్నప్పటి టీచర్ల తర్వాత లేరు.

గ్యాలరీ మెట్లు నిటారుగా ఉన్నాయి. దిగేటప్పుడు నా మోచేతి కింద నీ చెయ్యి ఉంది. తీయమని నేను అనలేదని గమనించే ఉంటావు. అది మార్షల్ చెయ్యి కాబట్టి ఊరుకున్నాను. అడుగు తప్పలేదు. ఈ ముక్క మీ నాన్నకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

తలుపు దగ్గర, "మళ్ళీ లోపలికి రావచ్చా?" అని అడిగాను. "ఈ రోజుకి రాకూడదండి" అన్నావు. నన్ను వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళావు. తలుపు మూసుకుంది. మందపాటి తలుపు. చెవి ఆనించి కూడా చూశాను, ఒక్క మాట వినపడలేదు. అటుగా వెళ్ళిన అటెండరుని అడిగితే, "నాకేం తెలుసండీ, నేను బయటే కదా" అన్నాడు. రైల్లో దారి పొడుగునా అదే ఆలోచన.

నీ ఉత్తరంలో నీ కాళ్ళూ గుండే చేతులూ ఏమయ్యాయో అంతా ఉంది. తీర్మానం ఏమైందో ఒక్క ముక్క లేదు. మార్కులు ఉంచారా, తీసేశారా? ఎవరెటు ఓటేశారు? ఆ కుర్రవాడు ఉమ్మేశాక వాదన అక్కడినుంచే ఎత్తుకున్నాడా, మళ్ళీ మొదటికి వచ్చాడా? నేను ఆపిన చోట వాడి వాదనలో పస ఉంది, చివర ఎలా ముగించాడు?

తిరుగు టపాలో రాయి. చెట్ల గురించి వద్దు.

నానమ్మ